గుడ్ అనే మాటకి తొమ్మిదో అర్థం

ఆగండి, పేజీ తిప్పెయ్యకండి. ఒక్క పది నిమిషాలు చెవి ఇటు పడేసి వినండి.

రెండు వేల రెండు, మార్చి పన్నెండు. సాయంత్రం సరిగ్గా నాలుగు గంటలు. కాశీబుగ్గ రైల్వే గేటు పడి ఉంది. గూడ్సు బండి దడదడలాడుతూ పోతోంది. ఆ మోతలో తుపాకీ పేలిన సంగతి ఎవరికీ తెలీలేదు. బండి వెళ్లి గేటు లేచాక చూస్తే, ముందు వరస సైకిళ్ల మధ్య గోవిందు పడి ఉన్నాడు. ఊళ్లో వాళ్లకి అతనొక భావనపాడు జాలరి. స్పెషల్ సెల్-నైన్‌కి మాత్రం కోస్టల్ ఇన్‌ఫార్మర్ నంబర్ ఫోర్.

జేబులో రెండే దొరికాయి. ఒక చుట్ట. రైళ్లలో అమ్మే అరచెయ్యంత ఇంగ్లీషు సినానిమ్స్ పుస్తకం. అందులో ఒక పేజీని ఎవరో సర్రున చింపుకుపోయారు.

"ఏడో క్లాసు తప్పినోడు సార్ మా అన్న. ఆడి జేబులో ఇంగ్లీషు పుస్తకమేటి?"

టెక్కలి ట్రావెలర్స్ బంగళాలో చీఫ్ సోమేశ్వరరావు ముందు నిలబడి అడుగుతున్నది బైరాగి. సెల్-నైన్ ఏజెంట్. ఇరవై ఏడేళ్లు. షూటింగులో ఫస్ట్, ఇంగ్లీషులో ఫస్ట్, ఒడియా కూడా వచ్చు. గోవిందు వల లాగి చదివిస్తే చదువుకున్నవాడు. కోపం వస్తే మాత్రం ట్రైనింగంతా ఎగిరిపోయి నోట్లోంచి భావనపాడు వచ్చేస్తుంది.

"బ్రీఫింగ్ విను," అన్నాడు చీఫ్. "విదేశీ రింగ్. మనం పెట్టిన కోడ్ నేమ్ మాంటా. నలభై కిలోల ఆర్డీఎక్స్ పడవలో వచ్చి భావనపాడు ఒడ్డున దిగుతుంది. టార్గెట్, రైలు వంతెన. అంతవరకూ గోవిందే కనిపెట్టాడు. ఏ రోజు, ఎన్నింటికి అన్నది తెలీదు. వాళ్ల కోడ్ పుస్తకం దొరికింది, నాలుగింటికి గేటు దగ్గర ఇస్తానన్నాడు."

"ఆడొత్తన్నట్టు ఎవులెవులికి తెలుసు?"

"నాకు. ప్రమోదినికి. ఆమె మన మనిషే. ఏడాదిగా రింగు లోపల ఉంది. ఆ పుస్తకం తీసుకోవాల్సింది ఆమే." చీఫ్ కళ్లజోడు తీశాడు. "రూల్ ప్రకారం నిన్ను ఈ కేసు నుంచి తప్పించాలి."

"తప్పించండి సార్. రాజీనామా కాయితం బల్ల మీదెట్టి నా దారిన నానెల్తాను."

చీఫ్ కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "సరే. కానీ దొరికినవాళ్లని బతికుండగా తేవాలి. అలైవ్. అర్థమైందా?"

బైరాగి అన్న పుస్తకం తీసుకుని బయటికి నడిచాడు.

ఇంట్లో తల్లి నూకమ్మ ఏడవడం కూడా మానేసింది. కొడుకు చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగింది. "ఆణ్ని సంపించినోళ్ల మొకం నాకొకపాలి సూపించు నాయనా. మరేటీ ఒద్దు."

"సూపిత్తానమ్మా," అన్నాడు బైరాగి. మాట ఇచ్చేశాడు.

పలాసలో ఆర్గస్ క్యాష్యూస్. జీడిపిక్కలు కాల్చే పొగలో కళ్లు మండిపోతుంటే, ఆ పొగని చీల్చుకుంటూ ఖరీదైన సెంటు వాసన వచ్చింది. వెనకే ప్రమోదిని. షిఫాన్ చీర, నల్ల కళ్లద్దాలు, మడమలెత్తు చెప్పులు. పైకి ఎక్స్‌పోర్ట్ కంపెనీ ఓనరమ్మ.

"ఈ ఏడు పూత ఎలా ఉంది మేడమ్?"

"మంచుకి మాడింది. కొమ్మకి పది కూడా నిలవలేదు."

పాస్‌వర్డ్ మ్యాచ్ అయింది. ఆమె కళ్లద్దాలు తీసింది. కళ్లలో తడి. "ఆ రోజు నేను ఐదు నిమిషాలు లేటయ్యాను బైరాగీ. లేకపోతే మీ అన్న బతికేవాడు."

బైరాగి నమ్మాడు. ఆ కళ్లని చూస్తే ఎవరైనా నమ్ముతారు.

మర్నాటి నుంచి అక్కడే కలాసీ వేషం. తలకి తువ్వాలు, భుజం మీద పిక్కల బస్తా, చొక్కా బొత్తంలో కెమెరా, చెవిపోగులో వైర్‌లెస్. పలాస స్టేషన్లో అదే పుస్తకం ఇంకో కాపీ కొన్నాడు. చిరిగిన పేజీ ఏదో పోల్చి చూశాడు. అటూ ఇటూ ఆ పేజీ నిండా ఒకటే మాట, గుడ్. దానికి తొమ్మిది అర్థాలు, నంబర్లు వేసి. ఒక్కో నంబరు కింద మూడు నాలుగు సినానిమ్స్, అదే అర్థమొచ్చే మాటలు. మూడు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాడు. ఈ గుడ్డు పగల్లేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం. పప్పు ఏరే పోలమ్మ అన్నం తిని, కాయితం విప్పి చుట్ట తీసింది. వెలిగించి, అక్కడి ఆడవాళ్లలాగే నిప్పున్న వైపే నోట్లో పెట్టుకుంది. మేడమ్ ఆఫీసు ఊడ్చేదీ ఆమే. చెత్తబుట్టలో కాయితాలన్నీ ఆమె చుట్టలకే. బైరాగి ఆ కాయితం అందుకున్నాడు. ఫ్యాక్స్ షీటు. అక్షరం తప్పు పడిందని కొట్టేసి పారేసింది. ఇవాళ్టి తేదీ. బరంపురంలో ఏదో బూత్ నంబరు. ఒకటే లైను: శాంపిల్ వర్చువస్.

"ఏటి రాసినార్రా?" అంది పోలమ్మ.

"మన జీడిపప్పు శీలవంతురాలంట అత్తా."

పోలమ్మకి నవ్వుతో పొగ ముక్కులోంచి వచ్చింది. "ఓలమ్మో! ఇరవయ్యేళ్లై పప్పేరతన్నాను. రెండొందల నలభై నంబరా, మూడొందల ఇరవయ్యా, బద్దా, నూకా... అలగ్గదా అడుగుతారు! మంచిదా, సెడ్డదా, పతివ్రతా అని ఏ సావుకారూ అడగడు. నంబరు నేకుండా జీడి బేరమేట్రా నీ మొకం?"

బైరాగి ఆ ఒక్క లైనూ మళ్లీ చదివాడు.

నంబరు లేకుండా జీడి బేరం ఉండదు. అయితే ఈ ఫ్యాక్స్‌లో కూడా నంబరు ఉండే ఉంటుంది. ఎక్కడ? మొలలోంచి పుస్తకం లాగాడు. గుడ్. తొమ్మిదో అర్థం. కింద రెండో మాట, వర్చువస్.

"అత్తా, ఇలాటియి ఇంకున్నాయా?"

"నా ఒడి నిండా అయ్యే."

ఒక్కొక్కటే తిరగేశాడు. ఆరో కాయితం దగ్గర వేళ్లు ఆగిపోయాయి. మార్చి పన్నెండు, మధ్యాహ్నం పన్నెండూ పది. అదే బరంపురం నంబరు. శాంపిల్ జెన్యూన్. పుస్తకంలో జెన్యూన్ నాలుగో అర్థం, మొదటి మాట. నాలుగు గంటలు. మొదటి రోజు, అంటే ఆ రోజే.

కాయితం కింద సంతకం, ప్రమోదిని.

ఆమె ఐదు నిమిషాలు లేటవ్వలేదు. దాదాపు నాలుగు గంటల ముందే కబురు పంపేసింది.

"ఏటైందిరా? మొకం అలగైపోనాది?"

"ఏటీ నేదత్తా. అన్న గుర్తొచ్చినాడు."

వర్చువస్, తొమ్మిదో అర్థం, రెండో మాట. రేపు, తొమ్మిది గంటలు. రాత్రి కాదు, పగలే. గస్తీ బోట్లు తిరిగేది రాత్రి. పొద్దున్న తొమ్మిదింటికి ఊరి పడవలన్నీ ఒడ్డుకి చేరతాయి. ఆ సందట్లో కొత్త పడవని చూసేదెవరు?

చీఫ్‌కి వైర్‌లెస్‌లో అసలు సంగతి చెప్పేసి, సాయంత్రం ఆమె గదిలోకి వెళ్లి అబద్ధం చెప్పాడు. "మేడమ్, రేపు సరుకు కోటబొమ్మాళి స్టేషన్లో దిగుతుందని టిప్. పొద్దున్నే అక్కడికి వెళ్తాను."

"గుడ్," అంది ప్రమోదిని నవ్వుతూ.

అది ఎన్నో నంబరు గుడ్డో బైరాగి అడగలేదు.

మర్నాడు తొమ్మిదికి ఐదు నిమిషాలు. భావనపాడు. ఇరవై పడవలు ఒడ్డుకి వస్తున్నాయి. గోచీ బిగించి, దాని మడతలో పిస్టల్ దాచి, మొహానికి తువ్వాలు చుట్టి, మోతగాళ్లలో కలిసిపోయాడు బైరాగి. గట్టు మీద ఐసు వ్యాను. దాని పక్కన నేత చీరలో, చేపల బేరానికొచ్చినట్టు ప్రమోదిని. చెప్పులు మాత్రం అవే, మడమలెత్తువి.

ఏ పడవ?

అతను మనుషుల్ని చూడలేదు. పైకి చూశాడు. చేప ఉన్న పడవ వెంట కాకులు ముసురుకుంటూ వస్తాయి. పంతొమ్మిది పడవల మీద కాకుల గోల. ఇరవయ్యోదాని మీద ఒక్క కాకి లేదు. వల పొడిగా ఉంది. లోపల ఇద్దరు మనుషులు, నాలుగు పెట్టెలు.

సరిగ్గా అప్పుడే ముప్పై మంది ఆ పడవ దగ్గరికి పరిగెత్తారు. ఒడ్డుకొచ్చిన పడవ ఎవరిదైనా సరే, అందరూ భుజం పట్టడం అక్కడి పద్ధతి. అందరికన్నా ముందు, నడుంలోతు నీళ్లలో, నూకమ్మ.

"అమ్మా!" తువ్వాలు జారిపోయింది.

గట్టు మీద ప్రమోదిని అతన్ని చూసేసింది. చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి వెళ్లింది. లిప్‌స్టిక్ అంత నల్ల రిమోట్. పట్టుబడితే పేల్చెయ్యమని రింగు ఆర్డరు.

చెవిపోగులో చీఫ్ గొంతు. "ఆరు నిమిషాల్లో వస్తున్నాం!"

రెండు సెకన్లు కూడా లేవు. బాంబు అని అరిస్తే ఆ కెరటాల హోరులో ఎవరికీ వినపడదు. వినపడేది ఒకటే ఉంది. రోజూ గోవిందు పాడే కేక. బైరాగి గొంతు చించుకున్నాడు.

"హైలెస్సా!"

"హైలెస్సా!" ముప్పై గొంతులు.

"ఎడమెత్తు!"

"హైలెస్సా!"

"ఇంకా ఎత్తు! తిరగెయ్!"

ఎందుకని ఒక్కరూ అడగలేదు. కేక వేసేవాడు చెప్పాక భుజం ఆలోచించదు. పడవ కుడివైపుకి దబ్బున బోర్లాపడింది. పెట్టెలు, వైర్లు, బ్యాటరీలు, ఇద్దరు మనుషులు, అందరి మీదా పెద్ద కెరటం.

ప్రమోదిని నొక్కింది. ఎర్రలైటు వెలిగింది. మళ్లీ నొక్కింది. కెరటం నురగ కక్కుకుంటూ వెనక్కి పోయింది. అంతే.

ఇసకలో ఆ చెప్పులతో పది అడుగులు పరిగెత్తగలిగింది. పదకొండో అడుగులో, ఎదురొచ్చిన బైరాగి పిస్టల్ నుదుటికి తగిలింది. అయినా నవ్వింది. "కాల్చలేవు. అలైవ్ అనుంటాడు మీ చీఫ్. అతను నాకు నీకన్నా ముందు తెలుసు."

"మా అన్నని జెన్యూన్ అని రాసినావు," అన్నాడు బైరాగి. "నువ్వు రాసిన నిజం అదొక్కటే."

చెవిపోగు గరగరలాడింది. "గుడ్, బైరాగీ. వెరీ గుడ్! జీపు ఐదు నిమిషాల్లో నీ దగ్గరుంటుంది. ఆమె మీద గీత కూడా పడకూడదు. రింగంతా ఆమె నోట్లోనే ఉంది."

వెనక తడిచీర చప్పుడు. నూకమ్మ. చేతిలో పడవ మోసే కర్ర. ఆమె వెనక ముప్పై భుజాలు, నీళ్లు కారుతూ.

ఆమె ప్రమోదినిని కిందనుంచి మీదకి చూసింది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"ఇదేనేట్రా?"

అవునంటే, జీపు వచ్చేసరికి చీఫ్‌కి మిగిలేది ఒక జత చెప్పులు. కాదంటే, కొడుకుని పోగొట్టుకున్న తల్లికి ఇచ్చిన మాట ఆమె మొహం మీదే అబద్ధమైపోతుంది. ఇంగ్లీషులో ఒక్క గుడ్‌కే తొమ్మిది అర్థాలున్నాయి. నూకమ్మ అడిగినదానికి మాత్రం రెండే జవాబులు.

ఐదు నిమిషాల్లో ఒకటి అయిపోయింది. మీరైతే ఏం చెప్తారు?