ఆగమన్న చీకటిగది

ఆ కాలేజీ సైన్సు ల్యాబు చివర ఉన్న చీకటిగదికి పేరు చెడిపోయింది. పగలు సరే... పొద్దు వాలాక అటు వెళ్లాల్సొస్తే కుర్రాళ్లు గోడకి వీపు ఆనించి పీతల్లా పక్కకి నడిచేవారట. ఎందుకంటే ఆ గదిలో మనిషి ఉండడు — మనిషి నీడ ఉంటుంది.

చూసినవాళ్లున్నారు. తలుపు తీస్తే ఎదురు గోడంతా మిణుగురు కడుపులా పచ్చగా వెలుగుతూ ఉంటుందట. ఆ వెలుగు మధ్యలో నల్లగా ఓ ఆకారం. చూసేవాడు వణికినా అది వణకదు. చూసేవాడు పరిగెత్తినా అది కదలదు.

ఆ నీడ పాదరసం మాస్టారిదని అందరూ తేల్చేశారు. ఒక్కచోట నిలవకుండా ఈ బల్ల నుంచి ఆ బల్లకి జారిపోతూ పాఠం చెబుతాడని పిల్లలు పెట్టిన పేరది. ఏదో జబ్బు చేసి ఉద్యోగం మానేశాక మళ్లీ ఎవరికీ కనపడలేదాయన. కనపడని మనిషిని జనం ఎంతకాలమని బతకనిస్తారు? చంపేశారు. చంపి, తెచ్చి ఆ గదిలో పెట్టారు.

ఇక నా సంగతి. నేను పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే ఫిల్ములు కడిగినవాణ్ని. ఈ చేతులతో కడిగిన ఎముకల బొమ్మలు వరసగా పేరిస్తే సముద్రం మీద వంతెన పడుతుంది. బతికున్న మనుషుల అస్థిపంజరాలతో కాపురం చేసినవాడికి దెయ్యమొక లెక్కా?

ఈ మాట మా అక్క దగ్గర అంటే పకపకా నవ్వింది. "నువ్వా? బొద్దింక కనపడితే మంచం ఎక్కుతావు."

"అది బొద్దింక కాదక్కా. దాని మీసాలే జానెడున్నాయి."

అక్క కూతురు మాత్రం నవ్వలేదు. ఆ ల్యాబులో కొత్తగా టీచరుగా చేరింది మా మేనకోడలు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది దాని జీతంతోనే. ఆ సాయంత్రం ప్రిన్సిపాల్ గారు పిలిచి చెప్పేశారట — "పిల్లలు రామంటున్నారు, పెద్దవాళ్లు గోల చేస్తున్నారు. రేపు పొద్దున ల్యాబుకి తాళం పడుతుందమ్మా." ల్యాబు లేకపోతే ల్యాబు టీచరెందుకు?

"ఆ గదిలో ఏముందో ఈ రాత్రికే తేల్చాలి మామయ్యా. తోడొస్తావా?"

"ఏముందని అడగకు అమ్మడూ, ఎన్ని ఉన్నాయని అడుగు. వరసగా నిలబెట్టి ఎక్స్‌రే తీసేస్తాను" అన్నాను.

కాలేజీకి చేరేసరికి బాగా చీకటి పడింది. గేటు దగ్గర కాపలావాడు కనపడ్డాడు. నా ఆసుపత్రి ప్రతాపాలు వినని మనిషి కనపడితే వదిలిపెట్టడం నా వల్ల కాదు. "నువ్వు పైకి నడువు, రెండు ముక్కలు చెప్పి వస్తా" అన్నాను. ఆ రెండు ముక్కలూ పూర్తయ్యేసరికి కాపలావాడు నిద్రలోకి జారాడు.

మెట్లెక్కాను. వరండా చివర ఒకే ఒక ట్యూబులైటు... వెలుగుతూ, ఆరుతూ. ల్యాబు తలుపు బార్లా తీసి ఉంది. లోపల యాసిడ్ వాసన. బల్లల మీద గాజు సీసాలు వరసగా, ఒక్కొక్కటీ నాకేసే చూస్తున్నట్టు.

దబ్!

ఏదో పడింది. చివర, చీకటిగదిలో.

"అమ్మడూ, సామాన్లు పగలగొట్టకే!"



దగ్గరికి వెళ్లాను. తలుపు మూసి ఉంది. కింద సందులోంచి వెలుగు గీత కూడా లేదు. చీకటిగది మర్యాద నాకెవరూ నేర్పక్కర్లేదు — తట్టాలి. లోపలివాళ్లు 'రా' అంటేనే తలుపు తీయాలి. 'ఆగు' అన్నారంటే లోపల ఫిల్ము తెరిచి ఉందని అర్థం. చిటికెడు వెలుగు పడినా అంతా నాశనం. ఓసారి మా ఆసుపత్రి పెద్ద డాక్టరే వచ్చి తలుపు తడితే 'ఆగు' అన్నాను. కాళ్లు మార్చుకుంటూ పూటంతా నిలబడ్డాడు పాపం.

తట్టాను.

లేదు... ఏ చప్పుడూ లేదు.

అమ్మడు ఇక్కడ లేదు, కిందికే వెళ్లి ఉంటుందనుకుని వెనక్కి తిరిగాను. ఒక్క అడుగు వేశాను —

"ఆగు..."

గుసగుస. ఆడగొంతో మగగొంతో తెలియనంత సన్నగా. నేను ఆగిపోయాను. భయపడి కాదు, అలవాటు. 'ఆగు' అని వినపడితే నా కాళ్లు నన్నడగకుండానే ఆగుతాయి.

నిలబడ్డాను. ట్యూబులైటు ఆరింది. వెలిగింది. ఎంతసేపటికీ 'రా' అనే పిలుపు లేదు. వీపు మీద చెమట చల్లబడుతోంది. ఇలా కాదు, కాపలావాణ్ని లేపుకొస్తే పోతుందని — వాడికి ధైర్యం చెబుదామనే — మళ్లీ వెనక్కి తిరిగాను.

"ఆగు."

ఈసారి దగ్గరగా. తలుపుకి అవతల కాదు... నా చెవి పక్కన.

సరిగ్గా అప్పుడే ల్యాబు గుమ్మంలో టార్చి వెలిగింది. ఆ వెలుగు వెనకాల — మా మేనకోడలు.

"ఇక్కడున్నావా మామయ్యా? ఈ గది తాళంచెవి ఆఫీసులో లేదు. బిల్డింగంతా వెతికాను. ఇక చేసేదేం లేదు, పోదాం పద." నా ముఖం చూసి ఆగిపోయింది. "ఎవరి కోసం నిలబడ్డావు?"

"నీ కోసమే" అన్నాను. "లోపలున్నావని... నువ్వే కదా ఆగమన్నావు..."

అది టార్చి వెలుగుని నా మీద నుంచి మూసిన తలుపు మీదికి తిప్పింది.

"పారిపోదామే" అన్నాను. అనేముందు వ్యూహాలన్నీ ఆలోచించాననుకోండి.

"పారిపోతే రేపు తాళం పడుతుంది" అంది. టార్చి ఆర్పేసి, కళ్లు మూసుకుని, తలుపు తోసింది.

తాళం లేదు. తలుపు తెరుచుకుంది.

గోడ... పచ్చగా వెలుగుతోంది. నిండుగా. దాని మధ్య నల్లని నీడ. ముందుకి వంగి ఉంది. ఒక చెయ్యి గుండెల మీద... రెండో చెయ్యి దేన్నో పట్టుకోవడానికి చాపినట్టు.

నేను అరవలేదు. అరుపు బయటికి రాలేదంతే.

"టార్చి వేయమనకు మామయ్యా, చెరిగిపోతుంది" అని గొణిగింది. గోడకి వేలు రాసి చూసుకుంది. వేలి కొస వెలుగుతోంది. "ఇది... పొడి. మెరిసే పొడి కలిపి గోడకి రంగేశారెవరో. దీపం ఉన్నంతసేపూ ఈ పొడి వెలుగు తాగుతుంది. దీపం ఆరాక మెల్లమెల్లగా బయటికి వదులుతుంది. మధ్యలో మనిషి నిలబడితే ఆ మేరకి వెలుగు అందదు. అక్కడ నల్లగా ఉండిపోతుంది... మనిషి వెళ్లిపోయినా సరే."

"అంటే ఒట్టి పొడా!" నా ఛాతీ మళ్లీ తన కొలతకి వచ్చింది. "నేను ముందే అనుకున్నాను. నీ నోటితో చెప్పిద్దామని ఊరుకున్నాను. ఇక నీ ఉద్యోగానికి ఢోకా లేదు పో!"

అది నవ్వలేదు.

"మామయ్యా... ఈ వెలుగు కాసేపే ఉంటుంది. తర్వాత మాసిపోతుంది. ఇదేమో ఇంకా నిగనిగలాడుతోంది."

"అయితే?"

"దీపం ఆరింది ఇందాకే. ఆరినప్పుడు ఇక్కడ ఎవరో నిలబడి ఉన్నారు." నా వైపు తిరిగింది. "నువ్వు తలుపు దగ్గరే ఉన్నావుగా... ఎవరైనా బయటికొచ్చారా?"

"చీమ కూడా రాలేదు."

"అయితే... లోపలే ఉన్నారు."

మా ఇద్దరి ఊపిరీ ఒక్కసారి ఆగింది. ఆ నిశ్శబ్దంలో — మూడో ఊపిరి వినపడింది.

మేనకోడలు నేల మీదికి టార్చి వేసింది. బల్ల కింద ఒక పాదం. పాదానికి చుట్టుకుని, గోడలోంచి ఊడొచ్చిన దీపం వైరు. ఆ పైన... ల్యాబు గోడ మీది గ్రూపు ఫోటోలో మేనకోడలు రోజూ చూసే ముఖం.

పాదరసం మాస్టారు.

"దెయ్యం..." అన్నాను.

"దెయ్యానికి చెమట పట్టదు మామయ్యా! పట్టుకో!"

పట్టుకున్నాను. ఒంటిచేత్తో ఎత్తి భుజాన వేసుకుని మెట్లన్నీ ఒక్క ఊపులో దిగేశాను. కాపలావాడు కాళ్ల వైపు, మేనకోడలు తల వైపు పట్టుకున్న మాట నిజమే గానీ, అది వాళ్ల తృప్తి కోసం.

గుండె. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు డాక్టరు.

మర్నాడు ల్యాబుకి తాళం పడలేదు. మేనకోడలు పిల్లల్ని ఆ గదిలోకి తీసుకెళ్లి, గోడ ముందు నిలబెట్టి, దీపం వేసి ఆర్పింది. ఎవరి నీడ వాళ్లు చూసుకుని, మళ్లీ మళ్లీ అని ఎగబడ్డారట. వణికిపోయిన పిల్లలే కొమ్ములు పెట్టుకుని, తోకలు పెట్టుకుని దెయ్యాలై నిలబడ్డారట.

మాస్టారు కాస్త తేరుకున్నాక చూడ్డానికి వెళ్లాం. ప్రిన్సిపాల్ గారూ ఉన్నారు. నా వంతు రానే వచ్చింది.

"మాస్టారూ, మీరు రెండుసార్లు 'ఆగు' అనబట్టి సరిపోయింది. లేకపోతే నేను వెళ్లిపోయేవాణ్ని. ఆ స్థితిలో కూడా చీకటిగది మర్యాద మరవలేదు చూశారూ, అదీ గొప్పతనం!"

ఆయన నాకేసి వింతగా చూశాడు. మెడకి చుట్టుకున్న గుడ్డ మెల్లగా కిందికి లాగాడు.

గొంతు మధ్యలో... చిన్న రంధ్రం, చుట్టూ కుట్ల మచ్చ.

ప్రిన్సిపాల్ గారు తల దించుకున్నారు. "ఆపరేషన్‌లో గొంతు తీసేశారండీ. మాట పోయింది. అందుకే మానేశారు. పాత తాళంచెవితో రాత్రిళ్లు వచ్చి, నోరు లేకపోయినా పాఠం చెప్పే గోడ ఒకటి తయారు చేసుకుంటున్నారని ఇప్పుడు ఆయన రాసి చూపిస్తేనే తెలిసింది."

గదిలో అందరూ నాకేసి చూశారు. జీవితంలో మొదటిసారి నాకు చెప్పడానికేమీ దొరకలేదు.

"గాలి అయ్యుంటుంది మామయ్యా" అంది మేనకోడలు, బయటికొచ్చాక. "తలుపు సందులోంచి."

"అయ్యుంటుంది" అన్నాను.

తలుపు తట్టినప్పుడు వీయని గాలి... నేను వెళ్లబోయినప్పుడల్లా ఎందుకు వీచిందో నేనడగలేదు. మేనకోడలూ చెప్పలేదు.

కానీ ఇప్పటికీ సాయంత్రం ల్యాబు మూసేముందు, గదిలో ఎవరూ లేరని కళ్లారా చూసుకున్నాక కూడా, మూసిన చీకటిగది తలుపు ఓసారి తడుతుందట. వెనక్కి తిరిగి ఒక్క అడుగు వేస్తుందట.

వేసి... ఆగుతుందట.