సార్ ఓడలో ఉన్న రోజు

“మార్చి పదకొండున మీ సార్ ఎక్కడున్నారండీ?” లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండానే అడిగాడు ఆడిటర్ రాజ్‌కిరణ్.

“నికోబార్ వెళ్ళే ఓడలో, భయ్యా. మూడు రోజులు సిగ్నలే లేదు. దిగాక కూడా నేల ఊగుతోందనేవారు పాపం!” నవ్వింది క్యారొలిన్.

“మరి ఆ మధ్యాహ్నం నలభై ఒక్క బిల్లులకి ఆయన అప్రూవల్ ఎలా ఇచ్చారు? అదీ మీ కంప్యూటర్ నుంచి?”

ఆమె చేతిలోని టీ గ్లాసు గాలిలోనే ఆగిపోయింది.

పోర్ట్ బ్లెయిర్‌లోని ఆ పడవల కంపెనీ షేర్ మార్కెట్‌కెక్కి ఎనిమిది నెలలైంది. రెండే పడవలున్న రోజుల్లో ఫైనాన్స్ మేనేజర్ పూర్ణచంద్ర తన పాస్‌వర్డ్‌ని పాత ఓడ టికెట్టు వెనక రాసి, ఆమె కీబోర్డు కింద పెట్టాడు. ఇప్పుడు పడవలు తొమ్మిది. టికెట్టు ఇంకా అక్కడే ఉంది. బిల్లు ఎక్కించేదీ క్యారొలినే, సార్ పేరుతో సరేననేదీ క్యారొలినే.

“డీజిల్ ఆగితే పాసింజర్లు జెట్టీలో పడుంటారు కదా భయ్యా! సార్ చెయ్యమన్నారు, చేశాను. ఒక్క రూపాయి తేడా ఉందేమో చూడండి!”

“లేదు. పన్నెండు రోజులుగా చూస్తున్నాను. కానీ ఎవరైనా తేడా చెయ్యాలనుకుంటే ఆపే మనిషి లేడిక్కడ. షేర్లు కొన్నవాళ్ళకి అది తెలియాలి. రిపోర్టులో రాయక తప్పదు.”

ఆమె టీ గ్లాసు పక్కకి నెట్టేసింది. మొన్న మిన్నీ బే దగ్గర వానలో ఇద్దరూ ఒకే గొడుగు కింద నడిచారు. “ఈ భయ్యా మానకూడదా?” అని బతిమాలాడతను. “ఇక్కడ ఆటో అతన్నీ అంటాం, బ్యాంకు మేనేజర్నీ అంటాం. మీకేంటి స్పెషల్?” అని ఏడిపించింది. ఇతనేనా ఆ మనిషి?

“మా అమ్మ పెట్టిన చేపల పులుసు తిన్నది ఇందుకా, ఆడిటర్ గారూ?”

భయ్యా పోయి గారూ వచ్చేసరికి అతని మొహం పాలిపోయింది.

మర్నాడు అతను ఆఫీసుకి రాలేదు. ఆ పై రోజు పూర్ణచంద్ర పిలిచాడు. ఉద్యోగం పోయిందనుకుంది క్యారొలిన్. దొంగ లెక్కలు రాసిందంటారు. ఆదివారం తెలుగు చర్చిలో ఎవరి మొహం చూడాలి?

“కూర్చో అమ్మా. పాస్‌వర్డ్ ఇచ్చింది నేనేనని బోర్డుకి రాసిచ్చాను. రిపోర్టులో నీ పేరు లేదు. రెండు పనులూ ఒకే మనిషికి అప్పగించిన మా పద్ధతిదే తప్పని రాజ్‌కిరణ్ రాశాడు.”

“మరి నా ఉద్యోగం, సార్?”

“ఉంది. ఇప్పుడు గొడవ అది కాదు, ఇదీ!” స్క్రీన్ ఆమె వైపు తిప్పాడు.

రాజ్‌కిరణ్ తన ఆఫీసుకి పంపి, కంపెనీ బోర్డుకీ కాపీ పెట్టిన మెయిల్ అది. ‘ఈ కంపెనీ ఉద్యోగిని క్యారొలిన్ గారిని పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నాను. ఆమెకి ఇంకా తెలియదు. కనుక ఈ ఆడిట్ నుంచి తప్పుకుంటున్నాను. నేను చూసినదంతా మరొకరు మళ్ళీ చూడాలి.’

“యే క్యా హై!” నోటిమీద చెయ్యి పెట్టుకుంది. “ఎవరెవరు చూశారు సార్ ఇది?”

“వాళ్ళ ఆఫీసు, మన ఏడుగురు డైరెక్టర్లు, నేను. నువ్వే ఆఖరు.”

కిటికీలోంచి చూస్తే గేటు బయట సూట్‌కేసుతో, వానలో తడుస్తూ రాజ్‌కిరణ్. ఆమె గొడుగు లాక్కుని పరుగెత్తింది.

“నాకు చెప్పకుండా ఏడుగురు డైరెక్టర్లకి చెప్తారా! దిమాగ్ ఉందా మీకు? లోపలికి రాకుండా ఇక్కడేంటి?”

“నేనింక మీ గుమ్మం ఎక్కకూడదు.” అతను మొహం మీది వాన నీళ్ళు తుడుచుకున్నాడు. “మీకు ముందే చెప్పుంటే, మీకోసం రిపోర్టు తగ్గించి రాశానంటారు. అందుకే రాసేసి, తప్పుకుని, ఇప్పుడు అడుగుతున్నా. వద్దంటే మధ్యాహ్నం ఫ్లైట్‌కి వైజాగ్ వెళ్ళిపోతా.”

“కొత్త ఆడిటర్ వస్తాడా?”

“రేపే.”

“అతనికీ మా అమ్మ పులుసు పెట్టాలా?”

“వద్దు! అతనికి క్యాంటీన్ చాలు!”

ఆమెకి నవ్వాగలేదు. కళ్ళల్లో నీళ్ళు కూడా ఆగలేదు.

“రెండు సంతకాలూ ఒక్కదాన్నే పెట్టడం మానేశాను. నా మట్టుకు నాకు సరే. రెండోది డెలానీపూర్ ఇంట్లో మా నాన్న యిర్మియా పెట్టాలి. పదండి, భయ్...”

చప్పున నాలుక కరుచుకుంది.

“పదండి, రాజ్,” అంది, గొడుగు సగం అతని వైపు జరిపి.