స్విచ్చు ఆపిందెవరు?

ఉదయం ఏడున్నరకి టిఫిన్ డబ్బా పట్టుకుని కారెక్కిన గోవింద్, ఎక్కినంత వేగంగానే దిగాడు. రాత్రి పెట్టిన చార్జింగు ఒక్క గీత ఎక్కలేదు. తొమ్మిది శాతం! దాంతో నరసన్నపేట దాటడమే గగనం, ఇక శ్రీకాకుళంలో ఆఫీసుకేం వెళతాడు?

"నాన్నా! మళ్లీ మొదలెట్టీసావేటి?"

అరుగు మీద సూరయ్య చదువుతున్న పేపరు దించాడు. ముప్పై రెండేళ్లు లైన్‌మన్‌గా కరెంటు స్తంభాలెక్కిన మనిషి.

"నానేటీ ముట్టుకోలేదు నాయినా."

"నువ్వు ముట్టకపోతే దెయ్యమొచ్చి కట్టీసిందా స్విచ్చు?"

గోవింద్ భార్య రేఖ వంటింట్లోంచి గరిటెతోనే వచ్చింది. "స్విచ్చు పెట్టెకి తాళం మీరే ఏసేరు. తాళంచెవి మీ జేబులోనే ఉంది. మావయ్య ఎలా కట్టేస్తారండీ? ముందు సూసి, తర్వాత అరవండి."

గోవింద్ చూశాడు. తాళం వేసినట్టే ఉంది. లోపల స్విచ్చూ వేసే ఉంది.

ఆ తాళం పడి ఏడాది కావస్తోంది. పోయిన మే నెలలో అతని తల్లి అప్పలనర్సమ్మ టైఫాయిడ్‌తో పదిరోజులు మంచం పట్టింది. మందులు వాడుతూనే ఉన్నారు. పదకొండో రోజు తెల్లవారుతుండగా ఆయాసం ముంచుకొచ్చింది. ఎత్తుకొచ్చి కారులో పడుకోబెడితే కారు కదల్లేదు. రాత్రి గోవింద్ వైరు తగిలించి పడుకున్నా చార్జింగు ఎక్కలేదు. స్విచ్చు ఆపి ఉంది. ఇంకో బండి దొరికేసరికి గంట పట్టింది. శ్రీకాకుళం ఆసుపత్రికి వెళ్లే దారిలో, సింగుపురం దాటకుండానే ఆవిడ ప్రాణం పోయింది.

నాలుగింటికి లేవగానే ఇంట్లో స్విచ్చులన్నీ ఆపుకుంటూ రావడం సూరయ్యకి నౌకరీ నేర్పిన అలవాటు. శవం ఇంకా ఇంట్లో ఉండగానే, నలుగురి ముందూ, "అమ్మని నువ్వే సంపీసావు" అనేశాడు గోవింద్. పాపం, తెల్లారి లేచాకే ఆపానని సూరయ్య అన్నాడు. అలాగైతే రాత్రంతా ఎక్కి ఉండాలి గదా అని కొడుకు గద్దించేసరికి, రాత్రి పడుకునే ముందే ఆపానేమో అని ఆయనకే అనుమానం వచ్చింది. ఆ మర్నాటి నుంచీ కారు శుభ్రంగా చార్జింగు ఎక్కుతుండటంతో ఇంకెవరికీ అనుమానం మిగల్లేదు. కన్నకొడుకు నోటంట అంత మాట పడ్డాక తండ్రికి అన్నమెలా సహిస్తుంది?

పదింటికి మెకానిక్ విశ్వనాథ్ వచ్చాడు. చార్జరు పక్కింటి ప్లగ్గులో పెట్టి చూస్తే పచ్చలైటు. ఈ ఇంటి ప్లగ్గులో పెడితే ఎర్రలైటు.

"కారుకీ తెగులు లేదు, చార్జరుకీ లేదండి. మీ ఇంటికి ఎర్త్ అందట్లేదు. మనిషికి షాకు కొడతాదని ఇది కరెంటే తీసుకోదు. ఎర్త్ గుంట ఏదండి?"

గుంట పెరట్లో ఉంది. సిమెంటు మూత తీస్తే లోపల మట్టి బూడిదలా ఉంది.

"సుక్క తడి లేదు! మట్టి తడిగుంటేనే ఎర్త్ అందుతాది. ఎండాకాలం దీన్లో రోజూ బిందెడు నీళ్లు పొయ్యాల. ఎవరు పోసీవోరు?"

పొయ్యాలని కొడుక్కీ కోడలికీ తెలీనే తెలీదు. సూరయ్య గుంట దగ్గరికొచ్చి వంగి చూశాడు.

"మీయమ్మ పోసీదేమోరా. ఇల్లు కట్టిన యేడు నానే సెప్పినాను, దీన్ని ఎండనీయకే అని. మళ్లీ సెప్పలేదు. అడగనూ లేదు. లైన్‌మన్‌ని, నానే మర్సిపోనాను. అది మర్సిపోనేదు."

"పోయినేడు అత్తమ్మ మంచంలో ఉన్న పదిరోజులూ..." అని రేఖ ఆగిపోయింది. ఆ పదిరోజులూ ఎవరూ నీళ్లు పొయ్యలేదు. చావింటికొచ్చిన జనమంతా ఆ పెరట్లోనే స్నానాలు చేశారు, గుంట తడిసింది. ఆ వెనకే వానలు.

విశ్వనాథ్ గోవింద్ ఫోనులో కారు యాప్ తెరిచాడు. "పాత లెక్కంతా ఇందులో ఉంటాదండి. తారీకు సెప్పండి."

"మే పద్దెనిమిది," అన్నాడు గోవింద్.

"రాత్రి తొమ్మిదీ నలభైకి పెట్టేరు. ఎర్త్ లేదని నిమిషంలోనే ఆగిపోయింది. స్విచ్చు మాత్రం తెల్లారి నాలుగూ అయిదుకి కట్టీసేరు."

వైరు తగిలించి వెనక్కి తిరిగి ఒక్కసారి చూసుంటే, గోవింద్‌కి ఆ రాత్రే ఎర్రలైటు కనిపించేది. చూడలేదు. అయ్యో, ఒక్కసారి చూసుంటే! తండ్రి కాళ్ల దగ్గర కూలబడిపోయాడు గోవింద్.

"నన్ను కొట్టు నాన్నా. సెప్పు తీసుకుని కొట్టు."

"కొట్టడమెందుకురా. ఒక్క మాట సెప్పు. మీయమ్మని నానేనా సంపినాను?"

"కాదు నాన్నా. నువ్వు కాదు."

"మళ్లీ అను."

"నువ్వు కాదు నాన్నా. నువ్వు కాదు."

సూరయ్య తలూపాడు. కాటి దగ్గర ఆయన కంట చుక్క రాలలేదు. పెద్దకర్మనాడూ రాలలేదు. బండరాయి మనిషని చుట్టాలు చాటున గొణుక్కున్నారు.

"సంపీసినోడికి ఏడవడానికి మొకమేదిరా అనుకున్నాను," అన్నాడాయన. "ఇప్పుడు ఏడుస్తానురా. మీయమ్మ కోసం ఇప్పుడు ఏడవొచ్చు గదా?"

కొడుకు జవాబు చెప్పేలోపే, "ఒలే నర్సీ..." అంటూ ఆ ఎండిన గుంట పక్కనే చతికిలబడి, ఏడాది ఆలస్యంగా పెళ్లాం కోసం వెక్కివెక్కి ఏడ్చాడు సూరయ్య.