పూడ్చని గుంత

చిన్న కథే, టీ చల్లారేలోపు అయిపోతుంది. ముందు ఇంగ్లండులో మా నార్ఫోక్ మెటల్ డిటెక్టర్ క్లబ్బు సంగతి చెప్పాలి, మట్టిలో పాత నాణేలూ నగలూ వెతికేవాళ్లది. పదకొండు మంది. ఆదివారం వస్తే చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కళ్లద్దాలు పారేసుకున్నవాళ్లలా పొలాల్లో వంగి తిరుగుతారు. సెక్రటరీ పన్నెండేళ్లుగా కూడబెట్టింది ఒక బకెట్టుడు ట్రాక్టరు మేకులు. దానికే ఆయన ఉపన్యాసాలిస్తాడు.

ఇక నెవిల్ గూచ్. దొరికినదాన్ని మట్టి పోవాలని నోట్లో వేసుకుని చప్పరిస్తాడు. తవ్విన గుంత పూడ్చడు. మేం వెతికే పొలం ఆసామి ఆడ్రీ లార్టర్ గొర్రె ఒకటి అతని గుంతలోనే కాలు విరగ్గొట్టుకుంది.

"ఇంకొక్క గుంత వదిలేశావంటే నా పొలంలో అడుగుపెట్టకు," అందావిడ.

నవంబరు మధ్యాహ్నం, పొగమంచు. ఆవిడ బీడులోనే డిటెక్టర్ సన్నగా కూసింది. నెవిల్ గడ్డిని గుర్రపునాడా ఆకారంలో కోసి, పెళ్ల ఎత్తి తవ్వాడు. బాగా పాతకాలపు బంగారు ఉంగరం. నోట్లో వేసుకున్నాడు. చల్లగా తగిలింది. తర్వాత అందులోంచి మెత్తనిదేదో నాలుక మీదికి జారింది... ముక్కిపోయిన కొవ్వు రుచి. ఉమ్మేలోపే మంచులోంచి ఆడ్రీ వచ్చింది.

"ఏమన్నా దొరికిందా?"

"సీసా మూతలు." ఉంగరం బుగ్గన దాచి, మెత్తనిది మింగేసి, గుంత అలాగే వదిలి వెళ్లిపోయాడు.

మూడొందల ఏళ్లు దాటిన బంగారమైతే పద్నాలుగు రోజుల్లో కరోనర్‌కి చెప్పాలి. మా దగ్గర అనుమానపు చావులు చూసేదీ, నిధులు చూసేదీ ఆ ఒక్క అధికారే. చెబితే వచ్చే డబ్బులో, పొలం ఆవిడది కాబట్టి, ఆడ్రీకి సగం పోతుంది. నెవిల్ ఉంగరాన్ని మేజోళ్ల అరలో పెట్టాడు.

ఆ సాయంత్రం బేకన్‌కీ అదే రుచి. నాలుగో రోజుకి భార్య డొరీన్ పక్కగదికి మారింది.

"నీ నోట్లో ఏం చచ్చిందయ్యా?"

"పన్ను నొప్పి."

"పన్నుకి గొర్రెల బీడు వాసనొస్తుందా?"

తొమ్మిదో రోజు ఉమ్మితే మట్టి పడింది. పదకొండో రోజు వానపాము. సగమే. బతికే ఉంది.

పదమూడో రోజు మధ్యాహ్నం ఉంగరం పట్టుకుని బీడుకి పరుగెత్తాడు, తిరిగి పెట్టేద్దామని. గుంత లేదు. పెళ్ల కోసిన గీత కూడా లేదు. మంచు. చెవి పక్కనే ఆ కొవ్వు వాసన, అందులోంచి ఎవరిదో గొంతు...

"పూడ్చలేదే..."

"ఎక్కడ... ఎక్కడ పెట్టను?"

నాలుక కింద ఏదో కదిలింది.

ఇంటికొచ్చి డొరీన్‌కి అంతా చెప్పాడు. ఉంగరం మళ్లీ అరలో పెట్టాడు. "రేపు పొద్దున్నే కరోనర్‌కి ఫోన్ చేస్తా."

"చెయ్యి. ముందు నోరు కడుక్కో."

పొద్దున ఫోన్ చేసింది డొరీన్. కరోనర్ మనిషి వచ్చి చూశాడు. నెవిల్ నోటినిండా మట్టి, గట్టిగా అదిమి ఉంది. పైన గుర్రపునాడాలా కోసిన గడ్డి పెళ్ల, అంచులు పెదాలకి సరిగ్గా కుదిరాయి. అడుగున ఉంగరం. పద్నాలుగో రోజు కాబట్టి గడువులోపలే అందినట్టు రాసుకున్నారు.

ఆ గడ్డిని ఎవరో కాస్త మేశారు. గొర్రె పళ్లు కావంది ఆడ్రీ.