ఎండిన పందిరి మీద పసిరిక పాము

మౌలాబీ వచ్చి గుమ్మంలో నిలబడితే కురుమయ్యకు ముందు ఆమె చేతులే కనిపించాయి. వణుకుతున్నాయి. వనపర్తిలో ఇంటింటికీ తిరిగి నగలకు దారం గుచ్చే మనిషి, ఆ చేతులే వణికితే ఇక బతికేదెట్లా?

"రహమాన్ సాబ్, కాంతమ్మ బంగారు గుండ్లపేరు నేనే తీసిన్నంట. పొద్దుగూకేలోపు ఇయ్యకుంటే పోలీసు అమీన్‌కు అప్పజెప్తరంట. నాకేం తెల్వదు సాబ్."

డిటెక్టివ్ అబ్దుల్ రహమాన్ టోపీ అందుకున్నాడు. ఆయన వెంట ఎన్ని కేసులు తిరిగినా, ఈ ఘడియ వచ్చిందంటే సహాయకుడు కురుమయ్యకు కాలు ఒకచోట నిలవదు.

కాంతమ్మ వాకిట్లో మల్లెపందిరి ఎండకు మాడి పుల్లలే మిగిలాయి. దాని కింద మౌలాబీ గుండ్లు గుచ్చుతుంటే, కాంతమ్మా ఆమె తమ్ముడు వెంకటన్నా పక్కనే కూర్చున్నారట. పైనుంచి పచ్చటి పసిరిక పాము జారిపడింది. పసిరిక కళ్ళు పొడుస్తుందని పుట్టినప్పటి నుంచీ విన్నవాళ్ళే కదా, గబగబా ముఖాలు కప్పుకున్నారు. కొంగు తీసి చూస్తే పామూ లేదు, గుండ్లపేరూ లేదు.

"దీని ఒళ్లనే ఉండె సాబ్. ఇంకెవరు తీస్తరు?" అంది కాంతమ్మ.

రహమాన్ వెంకటన్న వైపు తిరిగాడు. "నువ్వేం జేసినవ్?"

"నేను గూడ రుమాలు కప్పుకున్న. అది తులసికోట మీదికెల్లి పాకి గోడెక్కి పోయింది."

"ఊరికి ఎప్పుడొచ్చినవ్?"

"నిన్ననే. అమ్రాబాద్ అడివిల వెదురు కొట్టిస్త."

మూలన నోటికి గుడ్డ కట్టిన వెదురుబొంగు ఉంది. కురుమయ్య చెయ్యి చాపబోయాడు.

"ముట్టకు, తేనె ఒలుకుతది," అన్నాడు వెంకటన్న.

చుట్టూ ఒక్క చీమ కూడా లేని ఆ బొంగును రహమాన్ కాసేపు చూసి, అందరినీ పందిరి కిందికి పిలిచాడు.

"ఈ పందిరికి పచ్చాకు లేదు. ఆకుల్ల దాక్కొని బతికే పసిరికకు ఇక్కడేం పని? ఎవరో తెచ్చి పందిరి మీద ఏసిన్రు. అది కండ్లు పొడవదు, మనిషిని చంపదు. అడివిల తిరిగేటోనికి ఆ సంగతి ఎరుకే. మీరు మాత్రం కండ్లు మూస్కుంటరని గూడ ఎరుకే. వెంకటన్నా, ముఖం కప్పుకున్నోనివి, పాము గోడెక్కుడు ఎట్ల జూస్తివి?"

రహమాన్ గుడ్డ విప్పి బొంగు బోర్లించాడు. తేనె చుక్క రాలలేదు. పామును దాచి తెచ్చిన బొంగులోంచి బంగారు గుండ్లు జలజలా పడ్డాయి. కురుమయ్యకు ఊపిరాడింది.

కాంతమ్మ తమ్ముడి ముఖం చూడలేక గుండ్లన్నీ ఏరి మౌలాబీ ముందు పెట్టింది. "జర మనసుల పెట్టుకోకు. కూసో, గుచ్చిపెట్టు."

మౌలాబీ కూర్చోలేదు.

"పామును జూసి నేను కండ్లు మూస్కున్న. ఇన్నేండ్ల సంది నీ ఇంట్ల పనిజేసిన నన్ను జూసి, నువ్వెందుకు మూస్కుంటివమ్మా?"

దారపుకండె కొంగున కట్టుకుని ఆమె గడప దాటింది. చేతులిప్పుడు వణకడం లేదు.