సగం దగ్గర ఆగిన ముల్లు

"పదకొండేళ్ల ఉద్యోగం సార్. నిన్న దొంగనన్నారు," అన్నాడు డ్రైవరు, డిటెక్టివు కుర్చీ చూపించినా కూర్చోకుండా.

డాక్టరమ్మ ఆపరేషనుకు వెళ్తుంటే కారు దారిలో ఆగిపోయింది. పెట్రోలు ముల్లు సగం ట్యాంకు చూపిస్తోంది, ట్యాంకులో మాత్రం చుక్క లేదు. పెట్రోలు డ్రైవరే కాజేశాడని ఆమె తమ్ముడు తేల్చేశాడు. ఆమె తాళాలు లాక్కుంది. సాయంత్రానికల్లా పోలీసులకు చెబుతారట.

"ముల్లు ఎలా దిగింది?" అని అడిగాడు డిటెక్టివు.

"సగం దాకా మామూలుగానే సార్. ఆపైన కదల్లేదు."

పెట్రోలు మట్టం చెప్పే సెండర్ పాడై ఉంటుందని ఆయన అసిస్టెంటు లెక్క వేసుకున్నాడు. విప్పి చూపిస్తే సరిపోతుంది.

డ్రైవరుతో కలిసి వెళ్లేసరికి డాక్టరమ్మ ఇంటి ఆవరణలో, లాక్కొచ్చిన కారు పక్కన తమ్ముడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "రిపేర్ల జోలికి నేను పోనండీ. బానెట్ కూడా ఎత్తి ఎరగను," అన్నాడు.

అసిస్టెంటు బ్యాటరీ తీగ తీసేసి డిక్కీలో సెండర్ మూత కోసం తెగ వెతికాడు.

"అక్కడ కాదు, వెనకసీటు ఎత్తండి. కుడివైపు," అన్నాడు తమ్ముడు విసుగ్గా.

సీటు కింద దుమ్ము పేరుకుని ఉంది. గుండ్రటి మూత చుట్టూ మాత్రం శుభ్రంగా ఉంది. మూత మీది బాణం తలుపు వైపు చూస్తోంది, ట్యాంకు మీది గీత ఇంజను వైపుంది. అసిస్టెంటు అదేమీ ఆలోచించకుండా రింగు విప్పి, పెట్రోలు మీద తేలే బెండు కాడ వంగకుండా సెండర్‌ను పైకి తీశాడు. మీటరు తగిలించి బెండును కింది నుంచి పైకి కదిపాడు. అంకెలు ఎక్కడా తడబడలేదు. మళ్లీ చూశాడు, మళ్లీ అంతే.

సెండర్ బాగుంటే మరి పెట్రోలేమైంది? డ్రైవరు ముఖం చూడటానికి అతనికి మనసొప్పలేదు.

"అందరినీ పిలు," అన్నాడు డిటెక్టివు.

డాక్టరమ్మ వచ్చాక ఆయన నెమ్మదిగా చెప్పాడు. "సెండర్ మంచిదే, బిగించిన తీరే తప్పు. మూత మీది బాణం ట్యాంకు మీది గీతతో కలవాలి. పక్కకు తిప్పి బిగించడంతో బెండు సగానికి దిగి, ట్యాంకులోని అడ్డురేకు మీద కూర్చుండిపోయింది. బయటికి తీసి చూస్తే అడ్డేముంటుంది?"

"ఎవరు బిగించారు?"

"బానెట్ ఎత్తి ఎరగనాయనకు మూత ఏ సీటు కింద, ఏ వైపు ఉందో తెలుసమ్మా."

తమ్ముడు తల దించుకున్నాడు. "ముల్లు గంతులేస్తోందని ఆదివారం విప్పి శుభ్రం చేశానక్కా. చేతిలో పట్టుకుని మూడుసార్లు కదిపి చూశాను, బాగానే ఉంది. కారు ఆగాక చెప్పడానికి భయమేసింది."

"అందుకని ఇతన్ని దొంగను చేశావా?"

అసిస్టెంటు రబ్బరు రింగు సరిచూసి, బాణాన్ని గీతకు కలిపి బిగించాడు, బ్యాటరీ తీగ మళ్లీ తగిలించాడు. డాక్టరమ్మ తాళాలు డ్రైవరు చేతిలో పెట్టింది. "తప్పు నాదే. నిన్నొక్క మాట అడగాల్సింది."

అతను తాళం తిప్పాడు. ముల్లు అటు సగం వైపు చూడనైనా చూడలేదు, సున్నా మీదే ఉండిపోయింది. ఆ సున్నాను చూసి డ్రైవరు కళ్లు తుడుచుకున్నాడు.

"క్యాన్ ఇవ్వండమ్మా, పెట్రోలు తెస్తాను."

ఆమె క్యాన్ తమ్ముడికి అందించింది. "నువ్వెళ్లు. నడిచి వెళ్లు."