చుట్టాలక్క బ్లాక్

మా ల్యాబు పని వంటింటి పనిలాంటిదే. ఆపరేషన్ గది నుంచి వచ్చిన ముక్కని కోసి, మైనంలో పెట్టి గట్టిపరిచి, ఉల్లిపొర కన్నా పలచగా తరిగి, రంగు అద్ది డాక్టరుగారి ముందు పెట్టాలి. ఆ మైనపు దిమ్మనే బ్లాక్ అంటాం. నాకీ పని నేర్పింది అక్క. తోడబుట్టింది కాదు, అంతకన్నా ఎక్కువే. కోపం వస్తే అరిచేది కాదు. తప్పు చేసినవాడి చేతే ఆ పని మళ్ళీ మొదటి నుంచి చేయించేది.

పేగు క్యాన్సర్ గడ్డ వస్తే అక్క ముందు దాని చుట్టూ ఉన్న మామూలు కణాల్ని చూసేది. వాటిని చుట్టాలు అనేది. "గడ్డ ఒట్టి దొంగ, తమ్ముడూ. ఒక్కతే ఎక్కడికీ పోలేదు. చుట్టాల్లో కొందరు అడ్డం నిలబడతారు, కొందరు దగ్గరుండి తలుపు తీస్తారు. వాళ్ళని చూడు ముందు" అనేది. మేం నవ్వి ఆవిడకి చుట్టాలక్క అని పేరు పెట్టాం.

రెండేళ్ళ కిందట ఆవిడ పేగు ముక్కే నా బల్ల మీదికి వచ్చింది. డాక్టరుగారికి ఎక్కడికో తొందర. "గడ్డ చాలు, చుట్టూ ఉన్నది తీసెయ్" అన్నారు. అది తప్పని నాకు తెలుసు. అయినా నోరు మెదపకుండా కోసి బకెట్లో పడేశాను. ఎక్కడికీ పాకలేదని రిపోర్టు వెళ్ళింది, ఇక మందులు అక్కర్లేదన్నారు. ఏడు నెలలకి లివర్ నిండా పాకింది. చివరి రోజుల్లో అక్క నా చెయ్యి పట్టుకుని "నా చుట్టాల్ని చూశావా?" అని అడిగింది. చూశానక్కా, అంతా బాగుంది అన్నాను. ఆవిడ నన్నే చూస్తూ చెయ్యి వదిలేసింది. ఆ చూపు తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సహించదు.

ఈ మధ్యాహ్నం అక్క కూతురు వచ్చింది. "మావయ్యా, అమ్మ బ్లాక్ కావాలి. దాన్ని మళ్ళీ పరీక్ష చేస్తే, నాకూ వచ్చే జబ్బో కాదో తెలుస్తుందట."

డాక్టరుగారు సెలవులో ఉన్నారు. ఫోన్ చేశాను. "పోయిందని చెప్పి కరిగించెయ్. బయటికెళితే ఇద్దరం మునుగుతాం" అన్నారు. వెతుకుతాను కూర్చోమ్మా అని, ఆ పిల్లని రిపోర్టులిచ్చే కిటికీ అవతల కూర్చోబెట్టి స్టోర్ గదిలోకి వెళ్ళాను.

ముక్కలు నిలవపెట్టే ఫార్మలిన్ వాసనకి కళ్ళు మండాయి. బ్లాక్ దొరికింది. నా బల్ల దగ్గరికి తెచ్చి, వేడి పలక మీద పెట్టబోయి ఆగాను. రెండేళ్ళుగా చల్లటి అరలో ఉన్న మైనం... గోరువెచ్చగా ఉంది. లోపలి ముక్క పెద్దదయింది. నేను కోసి పారేసిన అంచులన్నీ ఉన్నాయి.

నమ్మలేక ఒక పొర తరిగాను. రంగు అద్ది మైక్రోస్కోపు కింద పెట్టాను.

చుట్టాలు. వేలమంది. రెండు వరసలుగా పక్కకి జరిగి నిలబడ్డారు. మధ్యలో బాట. ఆ బాట ఖాళీగా ఉంది.

గడ్డ లేదు.

చెవి దగ్గర ఊపిరి తగిలింది.

"నువ్వూ చుట్టానివేగా, తమ్ముడూ..."

తిరిగి చూశాను. ఎవరూ లేరు. కడుపులో ఏదో... మెల్లగా... జరిగింది. బ్లాక్ ఇచ్చేస్తాను, చేసిందంతా చెప్పేస్తాను అని గొణుక్కుంటూ బయటికి పరిగెత్తాను.

ఆ పిల్ల చేతిలో కాగితం ఉంది. "రిపోర్టు ఇచ్చేశారుగా మావయ్యా. ఇప్పుడే కిటికీలోంచి అందించారు. చెయ్యి మాత్రమే కనబడింది." గొంతు తగ్గించింది. "రాత అమ్మదిలా ఉంది. పేషెంటు పేరు మాత్రం మీది."

తీసుకుని చదివాను. పెద్దపేగు ముక్క, పన్నెండు సెంటీమీటర్లు. అన్ని వైపులా పాకింది. కింద డాక్టరుగారి సంతకం, సిరా ఇంకా ఆరలేదు.

ముక్క తీసిన సమయం: ఈరోజు, నాలుగు గంటలు.

గోడ గడియారం చూశాను. నాలుగవడానికి ఇంకా పది నిమిషాలుంది.